నాలుగు పార్కులు వద్దు, మూడు చాలు

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ఎక్సెల్ షీటు రాత్రి కూర్చుని మొత్తం చూశాను. నాలుగు రోజులు, నాలుగు పార్కులు, పొద్దున ఏడింటి నుంచి రాత్రి బాణసంచా దాకా అరగంట కూడా ఖాళీ లేదు. అదీ క్రిస్మస్ వారంలో! అమ్మానాన్నలు డల్లాస్‌లో ఉండగానే వాళ్లకి ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్ చూపించాలన్న నీ తపన నాకు తెలుసు. అందుకే ఫోన్లో గబగబా చెప్పకుండా తీరిగ్గా రాస్తున్నా.

ముందుగా ఆ చోటు ఎంతుంటుందో మనసులో పెట్టుకో. దాదాపు 40 చదరపు మైళ్లు. 1971లో మేజిక్ కింగ్‌డమ్‌తో మొదలుపెట్టి 1998లో యానిమల్ కింగ్‌డమ్ దాకా, ఇరవై ఏడేళ్లలో ఒక్కొక్కటిగా కట్టుకుంటూ వచ్చిన నాలుగు పార్కులవి. ఒకదాని నుంచి ఇంకోదానికి చాలావరకు బస్సో, కారో, మోనోరైలో ఎక్కాల్సిందే. మేజిక్ కింగ్‌డమ్‌కైతే కారు పార్క్ చేశాక గేటు దాకా చేరడమే ఓ ప్రయాణం. సెక్యూరిటీ దాటి, లాంచీలోనో మోనోరైల్లోనో సరస్సు అవతలకి వెళ్లాలి. లోపల కూడా రోజుకి ఏడెనిమిది మైళ్లు నడిచినట్టు నా ఫోను చూపించింది. మీ అమ్మ మోకాళ్ల సంగతి నీకు నేను చెప్పాలా?

మా అత్తగారిని తీసుకెళ్లినప్పుడు నేనూ నీలాగే షీటు వేశాను. జులై నెల. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆవిడ కాళ్లు బుసబుసా వాచిపోయాయి, కొత్త చెప్పులు కరిచి మడమ దగ్గర తోలు లేచింది. "నేనిక్కడ కూర్చుంటానమ్మా, మీరు తిరిగి రండి" అన్నారు. టికెట్ డబ్బులు గుర్తొచ్చి, ఆవిణ్ణి ఒక బెంచీ మీద కూర్చోబెట్టి వెళ్లిపోయాం. ఆవిడ దగ్గర ఫోను లేదు, మంచినీళ్లు అడగడానికి భాష రాదు. గంట తర్వాత ఉరుములతో వాన దిగింది. మేం వెతుక్కుంటూ వచ్చేసరికి ఒక కొట్టు చూరు కింద తడిసిన చీరతో నిలబడి, మా చిన్నాడి నీళ్లసీసా గుండెలకి పట్టుకుని ఉన్నారు. ఒక్క మాట అనలేదు. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది, ఆ చూరు మాత్రం నా కళ్ల ముందు నుంచి పోలేదు. తప్పు పూర్తిగా నాదే. నీకు అలాంటిది మిగలకూడదు.

అందుకని మొదటి మాట, తేదీలు మార్చు. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ఏడాదిలోకెల్లా రద్దీ, టికెట్ ధరా అప్పుడే ఎక్కువ. జనవరి ఆఖరి వారం పెట్టుకో. రద్దీ తగ్గుతుంది, ఎండ ఉండదు, వేసవిలోలా రోజూ సాయంత్రం పిడుగుల వాన పడి బయట ఉన్న రైడ్లు ఆపేసే బాధ ఉండదు. పొద్దునపూట చలిగా ఉంటుంది, స్వెట్టర్లు మర్చిపోకు. పెద్దాడు రెండో తరగతే కదా, నాలుగు రోజులు బడి పోతే పోనీ. ఇంకో సంగతి నీ షీట్లో కనబడలేదు. మూడేళ్లు నిండని పిల్లలకి అక్కడ టికెట్ లేదు. మన చిన్నదానికి మూడు నిండేది ఫిబ్రవరిలో. జనవరిలో వెళ్తే దానికి పైసా కట్టక్కర్లేదు. విమానంలో మాత్రం రెండు దాటింది కాబట్టి సీటు కొనాల్సిందే.

ఇక బస. బయట కిసిమ్మీ ఊళ్లో వంటిల్లున్న అద్దె ఇల్లు చవగ్గా వస్తోందన్నావు. నిజమే. కానీ మధ్యాహ్నం పన్నెండింటికి వెనక్కొచ్చి, భోంచేసి, రెండు గంటలు నడుం వాల్చి, మళ్లీ ఐదింటికి వెళ్లాలంటే దగ్గర్లో ఉండాలి. ఈ మధ్యాహ్నం నిద్రే మొత్తం ప్రయాణాన్ని నిలబెడుతుంది. దూరంగా ఉంటే "మళ్లీ ఎవరు వెళ్తారులే" అని లోపలే ఈడ్చుకుంటారు. అందుకని డిస్నీ వాళ్ల హోటళ్లలోనే తీసుకో. మామూలు గదుల్లో చాలావాటిలో నలుగురికే చోటు. ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ అనే హోటల్లో ఫ్యామిలీ స్వీట్లు ఆరుగురికి సరిపోతాయి, రెండు బాత్‌రూములు, ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉంటాయి. పొద్దున్నే ఆరుగురికి ఒకే బాత్‌రూమ్ అంటే ఎలా ఉంటుందో నీకు తెలియనిది కాదు. అక్కణ్ణుంచి ఎప్‌కాట్ పార్కుకి స్కైలైనర్ ఉంది, తీగల మీద గాల్లో వెళ్లే పెట్టె. పెద్దాడికి అదే ఒక రైడు. హోటల్లో ఉన్నవాళ్లని పార్కుల్లోకి అందరికంటే అరగంట ముందు వదులుతారు కూడా.

నాలుగో పార్కు, హాలీవుడ్ స్టూడియోస్, ఈసారికి వదిలెయ్. అక్కడ పేరున్నవి చాలావరకు కాస్త పెద్ద పిల్లల రైడ్లు. మూడు రోజుల టికెట్ తీసుకో. మూడు రోజులూ వరుసగా వాడక్కర్లేదు కాబట్టి మేజిక్ కింగ్‌డమ్ తర్వాత రోజు ఖాళీగా ఉంచు. పొద్దున పిల్లలు ఈత కొలనులో ఆడుకుంటారు. మధ్యాహ్నం యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే హోటల్లో సనా అనే భోజనశాలకి వెళ్లండి. ఆఫ్రికా వంటకి మన మసాలాలు కలిపి వండుతారు, రకరకాల నాన్‌లు, వాటిలోకి తొమ్మిది రకాల పచ్చళ్లు తెచ్చిపెడతారు. కిటికీ అవతల జిరాఫీలు తిరుగుతుంటాయి. పార్కు టికెట్ అక్కర్లేదు. అరవై రోజుల ముందే బుకింగ్ మొదలవుతుంది, ఆ రోజే చేసెయ్.

పార్కుల్లోకి మన తిండి పట్టుకెళ్లొచ్చు. పులిహోర, చపాతీలు, చిన్నదానికి పెరుగన్నం, ఏవైనా సరే. గాజు సీసాలు మాత్రం రానివ్వరు, ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలో సర్దు. లోపల చిరుతిళ్ల కౌంటర్ల దగ్గర అడిగితే ఐసు నీళ్లు ఊరికే ఇస్తారు. నీళ్ల సీసాలు కొని డబ్బు తగలేసుకోకు.

రైడ్ల గురించి రెండే మాటలు. పెద్దాడిని ఇంట్లోనే, బూట్లతో, అంగుళాల్లో కొలువు. స్పేస్ మౌంటెన్‌కి 44, ట్రాన్‌కి 48 ఉండాలి. మా మనవడు ఒక్క అంగుళం తక్కువై ఆ కొలత కర్ర దగ్గరే కూలబడి ఏడ్చాడు. ముందే తెలిస్తే ఆ ఆశ పెట్టేవాళ్లమే కాదు. రెండోది, పెద్దాడు ఎక్కేదానికి చిన్నది సరిపోనప్పుడు గేటు దగ్గర "రైడర్ స్విచ్" అని అడగండి. మీ ఇద్దరిలో ఒకరు వాడితో ఎక్కి దిగాక, రెండోవాళ్లు మళ్లీ ఆ పొడుగు లైన్లో నిలబడకుండా ఎక్కొచ్చు. డబ్బు కట్టి పొట్టి లైన్లో వెళ్లే లైట్నింగ్ లేన్ పాసు మేజిక్ కింగ్‌డమ్ రోజుకే కొను, మిగతా రెండిటికీ ఆ నెలలో అవసరం పడదని నా ఉద్దేశం. హోటల్లో ఉంటారు కాబట్టి ఏడు రోజుల ముందే టైములు పట్టుకోవచ్చు.

నీ షీట్లో అన్నీ పిల్లలవే ఉన్నాయి. అమ్మానాన్నలవి కూడా ఒక్కొక్కటి రాసుకో. మరిదిగారికి ఎప్‌కాట్‌లో లివింగ్ విత్ ది ల్యాండ్ చూపించు. పడవ పావుగంట సేపు మెల్లగా గ్రీన్‌హౌస్‌ల మధ్య నుంచి పోతుంది. అరటి, బొప్పాయి, పందిరికెక్కిన టమాటా, మట్టి అనేదే లేకుండా వేళ్లు గాల్లో వేలాడుతుంటే నీళ్ల తుంపర మీదే బతికే మొక్కలు, తొట్లలో చేపలు, అన్నీ అందులోనే. కొల్లిపర లంకల్లో నలభై ఏళ్లు అరటి, పసుపు పండించిన మనిషి, కోటలూ బొమ్మలూ చూసి ఊఁ అంటారేమో కానీ, అక్కడ నోరు తెరిచి మాట్లాడతారు. పెద్దాణ్ణి ఆయన పక్కనే కూర్చోబెట్టు, ఏ మొక్క ఏదో తాతే చెప్తాడు.

మీ అమ్మకి యానిమల్ కింగ్‌డమ్‌లో మహారాజా జంగిల్ ట్రెక్. అక్కడ కట్టిన ఉత్తుత్తి ఊరికి ఆనందపూర్ అని మన పేరే పెట్టారు. పాడుబడ్డ రాజమహలు గోడల మధ్య పులులు తిరుగుతుంటాయి. దారి చదునుగా ఉంటుంది, తోపుడు కుర్చీ హాయిగా వెళ్తుంది. అవును, కుర్చీ తీసుకోవాల్సిందే. "నాకేమయింది, నడవలేనా" అని గొడవ పెట్టుకుంటుంది, నాకు తెలుసు. అక్కడికెళ్లాక చెప్పకు, ఇప్పుడే నేను ఫోన్ చేసి ఒప్పిస్తా. గేటు దగ్గర అద్దెకిస్తారు, ముందొచ్చినవాళ్లకే దొరుకుతాయి. అదే పార్కులో సఫారీ బండికి కుదుపులెక్కువ, ఆవిడ నడుం చూసుకుని ఎక్కించు.

అమ్మకీ నాన్నకీ చెరో ఫోను, ఆ ఫోన్లలో పనిచేసే సిమ్ము, జేబులో హోటల్ పేరూ నీ నంబరూ రాసిన కాగితం. ఒక్క నిమిషం కూడా ఎవర్నీ ఒంటరిగా కూర్చోబెట్టొద్దు. ఎవరో ఒకరు తోడుండాలి, రైడు పోయినా సరే.

బూట్లు మాత్రం నాకు వదిలెయ్. మీ అమ్మని ఒక తెల్లకాగితం మీద రెండు పాదాలూ పెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీసి, పక్కన స్కేలు పెట్టి ఫోటో పంపమను. సాయంత్రం వాచినప్పుడు గీయాలి, పొద్దున కాదు. ఈ వారంలోనే కొని పోస్టులో పంపిస్తా. జనవరిలోగా రోజూ వేసుకుని మీ వీధిలో నడవడం అలవాటు చేసుకుంటుంది.

మీ పెద్దమ్మ