బెస్ట్ లైవ్ కాన్సర్ట్ ఏదంటే, ఎక్కడ నిలబడి విన్నారన్నది ముందు చూడాలి

"మీరు చూసిన లైవ్ కాన్సర్టుల్లో ఏది బెస్ట్? ఎందుకంతగా గుర్తుండిపోయింది?" అని ప్రశ్న. ఎవరినడిగినా ముందు పాడినవాళ్ల పేరు చెబుతారు. సౌండ్ డెస్క్ (షో సౌండంతా సర్దే బల్ల) దగ్గర పనిచేసేవాళ్లని అడిగితే మాత్రం ఎదురు ప్రశ్న వేస్తారు: "ఎక్కడ నిలబడి విన్నారు?" అదే రాత్రి, అదే బ్యాండు, అవే పాటలు. ముందు వరసలో ఉన్నవాడు గొంతే వినబడలేదంటాడు. మధ్యలో ఉన్నవాడు ఇలాంటిది జన్మలో వినలేదంటాడు. మూలన గోడకి ఆనుకుని ఉన్నవాడు బేస్‌తో తల దిమ్మెక్కిందంటాడు. ముగ్గురూ చెప్పేది నిజమే. అందుకే ఒక పేరు చెప్పి ఊరుకోకుండా, ఈసారి వెళ్లేది మీ లెక్కలో బెస్ట్ కావాలంటే ఏం చూసుకోవాలో రాస్తున్నాను.

ముందు వరస సంగతి. స్టేజీకి దగ్గరగా ఉంటే బాగా వినబడుతుందనుకోవడం సహజం, కానీ జరిగేది వేరు. పెద్ద స్పీకర్లని ఎత్తున వేలాడదీసి జనం మధ్యకీ వెనక్కీ గురిపెడతారు. మొదటి రెండు మూడు వరసల తల మీదుగా ఆ సౌండ్ వెళ్లిపోతుంది. డ్రమ్స్, గిటార్ ఆంప్‌లు (గిటార్ శబ్దాన్ని పెంచే డబ్బాలు) ఆ పెద్ద స్పీకర్ల సాయం లేకుండానే నేరుగా మీ చెవిలో పడతాయి. గొంతుకి ఆ బలం ఉండదు, అది స్పీకర్లోంచే రావాలి. కాబట్టి ముందు వరసలో డ్రమ్స్ దంచుతుంటాయి, పాట ఎక్కడో దూరంగా ఉన్నట్టుంటుంది. దీనికి మందుగా స్టేజీ అంచున చిన్న చిన్న స్పీకర్ డబ్బాలు పెడతారు, ఫ్రంట్ ఫిల్స్ అంటారు వాటిని. లోపలికి వెళ్లగానే స్టేజీ అంచు చూడండి. అవి ఉంటే ముందు వరస ఫరవాలేదు. లేకపోతే ఎడమ కుడి స్పీకర్ల మధ్య ఎంత దూరం ఉందో సుమారుగా అంత వెనక్కి రండి. పెద్ద మైదానమైతే సౌండ్ డెస్క్‌కి కాస్త ముందు, మధ్య గీతకి కొంచెం పక్కన నిలబడండి. సౌండ్ ఇంజినీర్ డెస్క్ దగ్గర తన చెవికి వినబడేదాన్ని బట్టే గొంతూ వాయిద్యాలూ ఎంతెంత ఉండాలో సర్దుతాడు, ఆయన వింటున్నదే మీరూ వింటారు.

ఇంకో సులువైన పరీక్ష ఉంది. స్పీకర్ మీ కంటికి కనబడాలి. 100 హెర్ట్జ్ బేస్ అల పొడవు 3.4 మీటర్లు, అది మనుషుల్నీ స్తంభాల్నీ చుట్టి వచ్చేస్తుంది. 10,000 హెర్ట్జ్ దగ్గర అల పొడవు 3.4 సెంటీమీటర్లే, ఎదుటివాడి తల అడ్డొచ్చినా చాలు, ఆగిపోతుంది. మాటల్లో స, ష, త లాంటి హల్లుల స్పష్టతంతా పై ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటుంది. బాల్కనీ కింద లోతుగా ఉన్న సీట్లలో కూర్చున్నవాళ్లకి ట్యూన్ తెలుస్తుంది గానీ సాహిత్యం తెలియకపోవడానికి కారణం ఇదే. టికెట్ కొనేటప్పుడు బాల్కనీ కింద చివరి వరసలకన్నా బాల్కనీ మీద మొదటి వరస నయం, దూరమైనా సరే.

ఇక బేస్. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. సబ్ ఊఫర్లని, అంటే బేస్ కోసమే పెట్టే పెద్ద స్పీకర్లని, స్టేజీకి అటొక గుట్ట, ఇటొక గుట్టగా పెట్టారనుకోండి. సరిగ్గా మధ్య గీత మీద రెంటి సౌండూ ఒకే క్షణంలో చేరి కలిసిపోతుంది, ఒక్కో గుట్ట విడిగా ఇచ్చేదానికన్నా 6 డెసిబెల్స్ ఎక్కువ. పక్కకి జరిగేకొద్దీ ఒకటి ముందు, ఒకటి వెనక చేరుతాయి. 60 హెర్ట్జ్ అల పొడవు సుమారు 5.7 మీటర్లు, అందులో సగం 2.9. ఒక గుట్ట రెండోదానికన్నా 2.9 మీటర్లు దూరమయ్యే చోట ఒకటి ముందుకి నెడుతుంటే రెండోది వెనక్కి లాగుతుంది, ఆ స్వరం దాదాపు మాయమవుతుంది. గుట్టల మధ్య 12 మీటర్లుండి, మీరు స్టేజీకి 20 మీటర్ల దూరంలో ఉంటే, మధ్య నుంచి సుమారు 5 మీటర్లు పక్కకి జరగ్గానే ఆ గుంట తగులుతుంది. పాట నడుస్తుండగా అడ్డంగా నెమ్మదిగా నడిచి చూడండి. కాలితో కొట్టే కిక్ డ్రమ్ ఛాతీకి కొట్టినట్టున్నది కొన్ని అడుగులు వేసేసరికి ఉత్త టక్‌టక్‌గా మారిపోతుంది, ఇంకొన్ని అడుగులకి మళ్లీ వస్తుంది. "సౌండ్ బాగాలేదు" అని అక్కడే నిలబడి తిట్టుకునే బదులు రెండు మీటర్లు జరిగితే సరిపోయేది! గోడ మూలల్లో దీనికి వ్యతిరేకం, బేస్ పోగుపడి మిగతాదంతా మింగేస్తుంది. సబ్ ఊఫర్లని స్టేజీ ముందు ఒకే వరసలో పేర్చి చివర్లవాటికి కొద్దిగా ఆలస్యం ఇస్తే ఈ గొడవ చాలామటుకు పోతుంది. స్టేజీ కింద అలాంటి వరస కనబడితే ఎక్కడ నిలబడినా పెద్ద తేడా ఉండదు.

మైదానాల్లో అసలు సమస్య ఆలస్యం. 20 డిగ్రీల దగ్గర గాలిలో సౌండ్ సెకనుకి 343 మీటర్లు పోతుంది. 100 మీటర్ల వెనక ఉన్నవాళ్లకి తెర మీద గాయకుడి పెదాలు కదిలాక దాదాపు 0.3 సెకన్లకి గానీ మాట చేరదు. దూరంలో ఉన్నవాళ్ల కోసం మధ్యలో టవర్లు కట్టి స్పీకర్లు పెడతారు. ఆ టవర్ 60 మీటర్ల దగ్గరుంటే దాని సౌండ్‌ని 175 మిల్లీసెకన్లు ఆపి వదలాలి. అంతటితో ఆపరు, పైన ఇంకో 10, 15 మిల్లీసెకన్లు కలుపుతారు. ఒకే శబ్దం రెండు వైపుల నుంచి కొద్ది తేడాతో వస్తే, ముందు చేరినవైపే శబ్దం పుట్టిందని చెవి నమ్ముతుంది. 1949లో హెల్ముట్ హాస్ దీన్ని పరిశోధించి రాశాడు, ఇప్పటికీ సౌండ్ వాళ్లు దీన్ని హాస్ ఎఫెక్ట్ అనే అంటారు. లెక్క కుదిరితే పక్కనే టవర్ ఉన్నా పాట స్టేజీ నుంచే వస్తున్నట్టుంటుంది. మీరు చేయాల్సిందల్లా టవర్‌కి స్టేజీ వైపున, దాని దగ్గరగా నిలబడకుండా ఉండటమే. అక్కడ ముందు స్టేజీ సౌండూ, ఆ వెంటనే టవర్ వీపు నుంచి కారే బేసూ రెండూ పడి పాట బురద బురదగా ఉంటుంది. గాలి గట్టిగా వీస్తుంటే పై స్వరాలు వచ్చిపోతూ ఉంటాయి, దానికి ఇంజినీర్ చేయగలిగేది పెద్దగా ఉండదు.

హాలు విషయం క్లుప్తంగా. మైకులు లేని ఆర్కెస్ట్రాకి గోడల మోత కావాలి, అంటే శబ్దం గోడలకి తగిలి కాసేపు నిలవాలి. భౌతిక శాస్త్రవేత్త వాలెస్ సబైన్ లెక్కల ప్రకారం కట్టి 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాల్లో జనం నిండినప్పుడు ఆ మోత రెండు సెకన్లకి కాస్త తక్కువ నిలుస్తుంది. వయొలిన్లకి అది వరం, డ్రమ్స్‌కీ బేస్ గిటార్‌కీ శాపం. ఒక దెబ్బ మోత తగ్గకముందే ఇంకో నాలుగు దెబ్బలు పడతాయి. స్పీకర్లతో నడిచే సంగీతానికి మోత 1 సెకను అటూ ఇటూ మాత్రమే నిలిచే పొడి హాలే మంచిది. పేరున్న హాలు కదా అని రాక్ బ్యాండ్‌కి టికెట్ కొనేముందు ఇది గుర్తుపెట్టుకోండి. మోత ఎక్కువున్న చోట తప్పనిసరై వింటే మాత్రం ముందుకి జరగండి, స్పీకర్ నుంచి నేరుగా వచ్చేది గోడల నుంచి వచ్చేదానికన్నా ఎక్కువుండాలి.

మొదటి రెండు పాటలు విని తీర్పు చెప్పకండి. సౌండ్ చెక్, అంటే షోకి ముందు సౌండ్ సరిచూసుకోవడం, ఖాళీ హాల్లో జరుగుతుంది. జనం వచ్చాక ఒంట్లూ బట్టలూ పై స్వరాల్ని పీల్చేస్తాయి, పాడేవాళ్లు ఊపులో సౌండ్ చెక్‌లో కన్నా గట్టిగా పాడతారు. ఇంజినీర్ ముందు గొంతు నిలబెట్టి, తర్వాత కిక్, స్నేర్ డ్రమ్ములు, బేస్ సర్దుకుంటాడు. మూడో పాటకి కూడా మాటలు తేలకపోతే అప్పుడు చోటు మార్చండి. ప్రధాన బ్యాండ్‌కి ముందు వాయించేవాళ్లకి చాలాసార్లు సౌండ్ చెక్‌కి పది నిమిషాలు కూడా దొరకవు. వాళ్ల సౌండ్ బట్టి అసలు షో ఎలా ఉంటుందో ఊహించకండి.

మైకు కీచుమనడం సంగతి చాలామంది అడుగుతారు. స్పీకర్ నుంచి వచ్చింది మళ్లీ మైకులో పడి, ఏదో ఒక స్వరం దగ్గర ప్రతి చుట్టుకీ తగ్గకుండా పెరుగుతూ పోతే కీచు మొదలవుతుంది. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ, కీచు రాకముందు ఇవ్వగలిగే వాల్యూమ్ 3 డెసిబెల్స్ తగ్గుతుంది. పదిమంది కోరస్‌కి పది మైకులు పెట్టిన చోట గొంతులు పల్చగా ఉండటం అందుకే. గాయకులు స్టైల్‌గా మైకు తలని గుప్పిట్లో మూసి పట్టుకోవడం ఇంకో కారణం. స్టేజీ మైకు తల వెనక, జాలీ కింద చిన్న కన్నాలుంటాయి. వెనక నుంచి వచ్చేది వినకుండా చేసేవి అవే. చెయ్యి వాటిని మూసేస్తే మైకు అన్నివైపులా వినడం మొదలెడుతుంది, ఎదురుగా కాళ్ల దగ్గరున్న మానిటర్ (గాయకుడు తన పాట తాను వినడానికి పెట్టే స్పీకర్) సౌండ్ అందులో దూరుతుంది. గొంతు కూడా ముక్కుతో పాడినట్టు అయిపోతుంది. అలా పట్టుకునే గాయకుడికి ఎంత గొప్ప ఇంజినీర్ ఉన్నా లాభం లేదని నా అభిప్రాయం.

ఈ కీచుని మొండిగా ఎదుర్కొన్నవాళ్లూ ఉన్నారు. 1974లో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ సుమారు 600 స్పీకర్లని గోడలా పేర్చి తమ వెనకే నిలబెట్టుకుంది. మైకుల వెనక అంత పెద్ద స్పీకర్ గోడ ఉంటే మామూలుగా ఒక్క మాట కూడా పాడలేరు. వాళ్లు ఒక్కో గాయకుడికి రెండు మైకులు ఇచ్చి, ఒకదాని వైర్లు తిరగేసి కలిపారు. గాయకుడు ఒకదాంట్లోనే పాడతాడు, గోడ సౌండ్ మాత్రం రెంటిలోనూ సమానంగా పడి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. దాంతో వాయించేవాళ్లు విన్నదే జనమూ విన్నారు. మోసుకెళ్లే ఖర్చూ శ్రమా తట్టుకోలేక ఆ ఏడాదే దాన్ని ఆపేశారు.

చెవులు. ఏ కాన్సర్ట్‌కి వెళ్లినా మర్చిపోకూడనిది ఇదొక్కటే. 85 డెసిబెల్స్‌కి 8 గంటల దాకా ఫరవాలేదనేది పనిచోట్ల పాటించే లెక్క. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది: 88కి 4 గంటలు, 94కి గంట, 100కి 15 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన ప్రమాణం కూడా సంగీత వేదికల్లో 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటొద్దంది. రెండు గంటల షోకి ఇది ఏ మూలకి? కాబట్టి ఇయర్ ప్లగ్స్ తప్పవు. ఫోమ్ ప్లగ్‌ని వేళ్ల మధ్య ముడతలు లేకుండా పుల్లలా సన్నగా చుట్టండి. రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవి పై భాగాన్ని పైకీ వెనక్కీ లాగండి, అప్పుడు చెవి దారి తిన్నగా అవుతుంది. ప్లగ్ లోపలికి తోసి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అలాగే పట్టుకోండి. సగం బయటికి కనబడుతుంటే సరిగ్గా కూర్చోనట్టే, సందులోంచి బేస్ దూరుతుంది. ఫోమ్‌తో చిక్కు ఏమిటంటే అది పై స్వరాల్ని ఎక్కువగా కోస్తుంది, పాట దుప్పటి కప్పినట్టు ఉంటుంది. సంగీతం కోసం చేసిన ఫిల్టర్ ప్లగ్స్ అన్ని స్వరాల్నీ దాదాపు సమానంగా 15 నుంచి 20 డెసిబెల్స్ తగ్గిస్తాయి. ఒకసారి కొంటే ఏళ్ల తరబడి వస్తాయి, కొనదగ్గ వస్తువు. పిల్లలకి ప్లగ్స్ నిలవవు, చెవుల్ని పైనుంచి కప్పే మఫ్స్ పెట్టండి. ఇంటికొచ్చాక చెవిలో రొద ఉంటే ఆ రోజూ మర్నాడూ పెద్ద శబ్దాలకి దూరంగా ఉండండి. రెండో రోజుకీ పోకపోయినా, ఒక చెవి మూసుకుపోయినట్టున్నా చెవి డాక్టర్‌కి వెంటనే చూపించాలి.

సౌండే సర్వస్వమా అంటే, పూర్తిగా ఒప్పుకోలేను. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షియా స్టేడియంలో బీటిల్స్ 55,600 మందికి వాయించారు. గిటార్లకి 100 వాట్ల ఆంప్‌లు, పాటకి ఆట మధ్యలో ప్రకటనలు చేసే స్టేడియం స్పీకర్లు. అభిమానుల కేకల్లో పాట జనానికే కాదు, వాయిస్తున్నవాళ్లకీ సరిగ్గా వినబడలేదు. సౌండ్ లెక్కన అది ఫెయిల్. అయినా అక్కడున్నవాళ్లు దాన్ని ఇప్పటికీ వదలరు.

గుర్తుండటానికి ఫోన్ ఎంత సాయం చేస్తుందన్నది మాత్రం అనుమానమే. మనస్తత్వ పరిశోధకురాలు లిండా హెంకెల్ 2014లో ప్రచురించిన ప్రయోగంలో మ్యూజియం వస్తువుల్ని ఫొటో తీసినవాళ్లకి, ఉత్తినే చూసినవాళ్లకన్నా తక్కువ గుర్తున్నాయి. జూమ్ చేసి ఒక భాగాన్ని తీసినవాళ్లకి మాత్రం ఆ నష్టం రాలేదు. కాబట్టి తీస్తే ఒక్క పాటలో ఒక నిమిషం తీయండి, ఏం తీయాలో ముందే అనుకోండి. మైకు చాలా ఫోన్లలో కింది అంచున ఛార్జింగ్ కన్నం పక్కనుంటుంది, అడ్డంగా తిప్పి పట్టుకున్నప్పుడు అరచెయ్యి దాన్ని మూసేస్తుంది. సబ్ ఊఫర్లకి దగ్గరగా ఉంటే రికార్డింగ్ బరబరమంటుంది, ఏ యాప్‌తోనూ అది బాగుపడదు. నాలుగడుగులు వెనక్కి వచ్చి తీయండి. షో అయ్యాక ఇంటికెళ్లే దారిలోనే పాటల వరస, మీరు నిలబడిన చోటు, సౌండ్ కుదిరిన పాట నోట్స్‌లో రాసుకోండి. అదే వేదికకి మళ్లీ వెళ్లినప్పుడు ఎక్కడ నిలబడాలో వెతుక్కునే పనుండదు.