మందు మాన్పించడానికి మళ్లీ మందా?

ప్రశ్న: మెడిసిన్ పూర్తిచేసిన మా అమ్మాయికి రేడియాలజీ సీటు వచ్చే అవకాశం ఉంది. తనేమో సైకియాట్రీ చదివి డీఅడిక్షన్‌లోనే ఉండిపోతానంటోంది. వ్యసనం బుద్ధి లేక చేసుకునేది, రోగమెలా అవుతుంది? మందు మాన్పించడానికి మళ్లీ మందులిస్తారా? అంత ఇష్టమైతే ఆరు వారాల ఆన్‌లైన్ ‘అడిక్షన్ కోచ్’ సర్టిఫికెట్ చేసి, రేడియాలజీ చూసుకుంటూనే పక్కన ఓ సెంటర్ పెట్టుకోవచ్చు కదా? రెండు బ్రాంచిలనూ పోల్చి చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: పోలిక సంగతి తర్వాత. ముందు మీరు రాయకుండా మింగేసిన మాట చూద్దాం. ‘ఆ రోగులు బాగుపడేవాళ్లేనా, నా కూతురు జీవితమంతా ఓడిపోతూ కూర్చోవాలా’ అనే కదా మీ భయం? ఈ బ్రాంచి పేరెత్తిన ప్రతి ఇంట్లోనూ నేను వినేది ఇదే.

బాగుపడతారు. అందరూ కాదు, ఒక్క దెబ్బకీ కాదు. మాత్రలు ఆపేసిన మనిషికి బీపీ పెరిగితే ‘ఆపావు కాబట్టి పెరిగింది, మళ్లీ వేసుకో’ అంటాం. మానేసినవాడు మళ్లీ మొదలెడితే మాత్రం ‘చికిత్స దండగ’ అనేస్తాం. 2000లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో వచ్చిన ఒక సమీక్ష ఈ తేడానే పట్టుకుంది. తిరగబెట్టడంలో వ్యసనానికీ బీపీ, ఆస్తమా లాంటి దీర్ఘరోగాలకూ పెద్ద తేడా లేదని చూపించింది. ఆ అసోసియేషన్ మద్యవ్యసనాన్ని 1956లోనే రోగమంది.

మొదటిసారి ముట్టుకోవడం మనిషి నిర్ణయమే, ఏ డాక్టరూ కాదనడు. ఆ తర్వాత జరిగేది వేరు. మెదడులో డోపమైన్ అనే రసాయనం నడిపే మార్గాలు మారిపోతాయి. తాగితే వచ్చే సుఖం తగ్గుతుంది, తాగాలనే తపన పెరుగుతుంది. పగ్గాలు పట్టుకోవాల్సిన మెదడు ముందుభాగం పట్టు సడలిస్తుంది. ‘మానాలనే ఉంది, నా వల్ల కావట్లేదు’ అనే మనిషి చాలాసార్లు నిజమే చెబుతున్నాడు.

మీ ‘మందుకు మందా’ అన్న ప్రశ్న పాతదే. హెరాయిన్‌కు బానిసైనవాళ్లకు రోజూ మెథడోన్ అనే మందు ఇస్తే కుదుటపడి పనులకు వెళ్తున్నారని విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ అనే డాక్టర్లు న్యూయార్క్ నుంచి 1965లో ప్రకటించినప్పుడూ ఒక మత్తు తీసి ఇంకో మత్తు పెడుతున్నారన్నారు. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మెథడోన్‌నూ, అలాంటిదే అయిన బ్యుప్రినార్ఫిన్‌నూ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మద్యానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ ఉన్నాయి. కొకైన్‌కు మాత్రం అలాంటి మందు లేదు, అక్కడ కౌన్సెలింగే ఆధారం.

ఇక ఆ ఆరు వారాల సర్టిఫికెట్. ఈమధ్య దీని గురించి అడగని వారం లేదు. ఎంత ఆలోచించినా నాకు మింగుడుపడదు. ఒకసారి ఓ డాక్టరుగారి ఓపీలో మూల కుర్చీలో కూర్చున్నాను. రోజూ తాగే మనిషి, ముందురోజు పొద్దున్నుంచి ముట్టలేదని భార్య సంతోషంగా చెప్పింది. డాక్టరుగారు సంతోషించలేదు. ‘చేతులు ముందుకు చాపి వేళ్లు విడదీయండి’ అన్నారు. వేళ్ల కొసలు వణుకుతున్నాయి. అరచేతి చెమట తడిమి, నాడి చూసి, ‘ఇదివరకు మానేసినప్పుడు ఫిట్స్ వచ్చాయా?’ అని అడిగారు. ఆమె గొడవలన్నీ చెప్పబోతే, ‘అవీ వింటానమ్మా, ముందు అడ్మిట్ చేద్దాం’ అన్నారు. గ్లూకోజ్ కంటే ముందు విటమిన్ బి1 ఇంజెక్షన్ రాశారు.

ఎందుకంటే, ఏళ్ల తరబడి తాగినవాడు హఠాత్తుగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. మూడో రోజు అటూఇటూగా మతి చెదిరి, లేనివి కనబడి, ప్రాణం మీదికీ రావచ్చు. హెరాయిన్ లాంటివైతే ప్రమాదం ఇంకోచోట ఉంటుంది. నెలరోజులు గదిలో పెట్టి మాన్పించి ఏ మందూ లేకుండా పంపిస్తే, ఒంటికి అలవాటు తగ్గిపోయి ఉంటుంది. పాత మోతాదే తీసుకుంటే శ్వాస ఆగిపోవచ్చు. ఇది తెలియని మనిషి చేతికి సెంటర్ తాళంచెవి ఇమ్మంటున్నారా? అదీ మీ కూతురు ఖాళీ సమయంలో? కోపం తెచ్చుకోకండి, ఒక డాక్టరును కన్న తండ్రి అడగాల్సిన ప్రశ్న కాదిది. వ్యసనం నుంచి బయటపడ్డవాళ్లు డాక్టరు పక్కన కూర్చుని చేసే సాయం మాత్రం వేరే, దానికి దండం పెడతాను.

పోలిక అడిగారు కదా. సంపాదన రేడియాలజీలోనే ఎక్కువ, దాచేదేం లేదు. సైకియాట్రీలో వినీ వినీ అలసట వస్తుంది, అదీ నిజమే. అవకాశాలంటారా, అమెరికాలో 2016లో అడిక్షన్ మెడిసిన్‌ను, అంటే వ్యసన చికిత్సను, సబ్‌స్పెషాలిటీగా గుర్తించారు. సైకియాట్రిస్టులే కాదు, ఫిజీషియన్లూ చేయొచ్చు. అది సబబే. ఈ రోగులు మొదట వచ్చేది కాలేయం చెడిందనో నిద్ర పట్టట్లేదనో మామూలు డాక్టరు దగ్గరికే. అక్కడ ‘రోజుకెంత తాగుతారు?’ అని ఈసడింపు లేకుండా అడిగే మనిషి దొరికితే సగం దారి సులువవుతుంది.

సీటు ఎంచుకునేలోపు మీ అమ్మాయిని ఏదైనా డీఅడిక్షన్ వార్డులో నెలరోజులు కూర్చోమనండి. అడ్మిషన్లు చూసి రావడం కాదు, ఫాలోఅప్ రోజుల్లో వెళ్లాలి. ఆర్నెల్లుగా మానేసి, మాత్రల చీటీ రాయించుకుని, ఆఫీసు టైమవుతోందని గడియారం చూసుకునేవాళ్లు ఆ రోజే కనబడతారు.