స్పీకర్లు మార్చబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

నీ గిటార్ యాంప్ క్యాబినెట్‌లో రెండు స్పీకర్లూ మార్చబోతున్నావని, అదీ ఎవరికీ ఇవ్వకుండా నువ్వే విప్పి నువ్వే బిగిస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. విన్నప్పటి నుంచి ఒక పక్క గర్వంగా ఉంది, ఇంకో పక్క టెన్షన్‌గా ఉంది. గర్వం సంగతి మీ అమ్మతో అప్పుడే అరగంట మాట్లాడేశాను. కాబట్టి ఈ ఉత్తరమంతా టెన్షనే. మధ్యలో తిట్లు కూడా తగుల్తాయి, పడు.

ముందు ఒక్క మాట చెప్పు. ఎందుకు మారుస్తున్నావు? సౌండ్ కీచుగా ఉందన్నావట. ఎక్కడ నిలబడి విని ఆ మాటన్నావు? గిటార్ స్పీకర్ తన ఎదురుగా ఉన్న కాస్త జాగాలోకే హై సౌండ్‌ని సూటిగా కొడుతుంది. పక్కకి జరిగేకొద్దీ అది తగ్గిపోతుంది. క్యాబినెట్ నేలమీద పెట్టి పక్కనే నిలబడితే స్పీకర్ నీ మోకాళ్లకి వాయిస్తున్నట్టే. చెవికి మొద్దుగా వినబడుతుంది కదా అని ట్రెబుల్ పెంచుతావు. ఎదురుగా కూర్చున్నవాడేమో చెవులు మూసుకుంటాడు. అందుకని కొనేముందు వాల్యూమ్ బాగా తగ్గించి, స్పీకర్ కోన్, అదే ఆ కాగితపు గరాటు, ఎత్తుకి చెవి వచ్చేలా కింద కూర్చుని, టోన్ నాబ్‌లన్నీ మొదటి నుంచి మళ్లీ పెట్టి చూడు. ఇక్కడితోనే పని అయిపోయి, కొనే అవసరమే లేకుండా పోయినవాళ్లని నేను చూశాను. ఆ తర్వాత కూడా కీచుమంటే అప్పుడు అనుకుందాం స్పీకర్ల గురించి.

ఇంకో తిట్టు కూడా ఇక్కడే తిట్టేస్తాను. డెమో వీడియోలు ఫోన్‌లో వింటున్నావట. వేలెడంత ఫోన్ స్పీకర్‌లో విని 12 అంగుళాల స్పీకర్ ఎంచుకోవడమేమిటే? హెడ్‌ఫోన్స్‌లో విన్నా సరే, నీ చెవిన పడేది వాళ్లు మైకు పెట్టిన ఆ ఒక్కచోటి సౌండే. మైకు రెండు వేళ్ల వెడల్పు జరిపితే చాలు, అదే స్పీకర్ ఇంకో స్పీకర్‌లా వినిపిస్తుంది. స్పీకర్‌కీ స్పీకర్‌కీ ఉన్న తేడా తెలుసుకోవడానికి ఆ వీడియోలు పనికొస్తాయి. నీ గదిలో ఎలా ఉంటుందో మాత్రం అవి చెప్పలేవు.

మీ తమ్ముడు ఇచ్చిన సలహా, అదే పీఏ స్పీకర్లు, సభల్లో మైకుకి పెట్టేవి, తెచ్చి పెట్టేద్దామన్నది, వద్దు. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటిన హై సౌండ్‌కి చేతులెత్తేస్తుంది. మనకి కావలసింది కూడా అదే. డిస్టార్షన్‌లో ఉండే గరగరనంతా అది అక్కడే ఆపేస్తుంది. పీఏ స్పీకర్ దాన్ని ఆపదు. ఫుల్ గెయిన్‌లో ఒక్క కార్డ్ కొట్టి చూడమను, తేనెటీగల తుట్టె కదిపినట్టుంటుంది.

ఇక పేర్లు. వీటితో జాగ్రత్త. సెలెస్టియన్ వింటేజ్ 30 అంటే 30 వాట్లనుకునేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. అది 60 వాట్ల స్పీకర్. అదే కంపెనీ జీ12టీ-75 మాత్రం నిజంగానే 75 వాట్లు. మార్షల్ 1960 క్యాబినెట్ అని రాసి ఉంటే అది ఆ సంవత్సరంలో తయారైన పురాతన వస్తువేమీ కాదు, మోడల్ నంబరు అంతే. పాతది అంటూ ఎవరైనా మాయమాటలు చెబితే నవ్వి ఊరుకో.

నువ్వు మనసు పడ్డ గ్రీన్‌బ్యాక్ 25 వాట్లది. సౌండ్ గురించి నేనేమీ అనను, మంచి సౌండే. కానీ నీ హెడ్, అదే క్యాబినెట్‌ని నడిపే యాంప్ పెట్టె, 50 వాట్లు, రెండు గ్రీన్‌బ్యాక్‌లు కలిపితే 50. బొటాబొటీ. ట్యూబ్ యాంప్‌ని, అంటే గాజు వాల్వులతో నడిచేదాన్ని, డిస్టార్షన్‌లోకి తోసినప్పుడు లేబుల్ మీద రాసినదానికంటే ఎక్కువే ఇస్తుంది. పాత వాక్స్ ఏసీ30ల్లో 15 వాట్ల బ్లూ స్పీకర్లు రెండు పెట్టి 30 వాట్లకి బొటాబొటీగానే నడిపారనుకో. నువ్వు నెమ్మదిగా వాయించేదానివైతే నేనూ సరేననేవాణ్ణి. నాబ్ కనిపిస్తే చివరిదాకా తిప్పే పిల్లవి నువ్వు. నీకు రెండూ కలిపి 100 వాట్లు దాటాలి. గ్రీన్‌బ్యాక్ స్వభావమే కావాలంటే క్రీమ్‌బ్యాక్ జీ12ఎమ్-65 ఉంది. ఒక్కోటి 65 వాట్లు. నీ స్థానంలో నేనుంటే దానికే ఓటేస్తాను.

వాట్ల కంటే డీబీ అంకె ముఖ్యం, దాన్ని ఎవరూ చూడరు. ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే అంకె అది. వింటేజ్ 30కి 100 డీబీ, జీ12టీ-75కి 97. మూడే కదా అనుకోకు. మూడు డీబీలు అంటే యాంప్ పవర్ రెట్టింపు చేసినంత తేడా. డ్రమ్స్ కింద నీ గిటార్ వినపడక అవస్థ పడుతుంటే 100 డీబీది తెచ్చుకో. ఇంట్లోనే వాయిస్తూ పక్కవాళ్లకి భయపడుతుంటే 97ది నయం, నాబ్ ఇంకాస్త తిప్పుకునే సుఖం మిగులుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఓమ్స్. కరెంటుకి స్పీకర్ ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకె.

మా బ్యాండ్‌లో లీడ్ గిటార్ వాయించినవాడి సంగతి నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. చెయ్యి చాలా మంచిది వాడిది, ఇప్పటికీ వాడు వాయించిన బెండ్‌లు నా చెవిలో ఉన్నాయి. అప్పటిదాకా ట్రాన్సిస్టర్ యాంప్ మీదే వాయించాడు. ఎన్నాళ్లో కూడబెట్టుకుని ట్యూబ్ హెడ్ ఒకటి కొన్నాడు. అచ్చం నీలాగే స్పీకర్లు తానే మార్చుకున్నాడు, ప్రోగ్రామ్ రోజు మధ్యాహ్నం. 8 ఓమ్స్‌వి రెండు తెచ్చి, సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, కలిపి, 16 చేసి, హెడ్ వెనకాల స్విచ్ 16 మీద పెట్టాడు. లెక్కలో తప్పేమీ లేదు. అయితే కొత్త స్పీకర్ల వెనక వైర్లు తగిలించే రేకులు పాతవాటికంటే సన్నగా ఉన్నాయి. పాత వైర్ల చివర ఉన్న క్లిప్పులు వాటికి వదులయ్యాయి. ప్లయర్‌తో ఒక్క నొక్కు నొక్కితే సరిపోయేది. వేలితో తోసి వదిలేశాడు.

నేను పక్కనే బేస్ వాయిస్తున్నాను. పాట మంచి ఊపులో ఉండగా గిటార్ ఒక్కసారిగా ఆగిపోయింది. వాయిస్తున్నంతసేపూ క్యాబినెట్ ఊగుతూనే ఉంటుంది కదా, ఆ ఊపుకి క్లిప్పు జారి ఊడింది. సిరీస్‌లో ఒక్కచోట తెగితే రెండు స్పీకర్లూ పోతాయి, యాంప్‌కి లోడ్, అంటే దాని పవర్ తీసుకునేది, ఉండదు. వాడేం చేశాడంటే, గిటార్ కేబుల్ పోయిందనుకుని కాలితో దాన్ని తన్నుతూ వాల్యూమ్ పెంచాడు. ఇంకా రాలేదని ఇంకా పెంచాడు. తీగలు బాదుతూనే ఉన్నాడు. ట్రాన్సిస్టర్ యాంప్ అలవాటు అది. వాటికి స్పీకర్ ఊడినా ఏమీ కాదు, ఓమ్స్ మరీ తగ్గితేనే ప్రమాదం. ట్యూబ్ యాంప్‌కి అలా కాదు. బయటికి పోవలసిన శక్తికి దారి లేకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజి విపరీతంగా ఎగుస్తుంది, లోపల ఎక్కడ సందు దొరికితే అక్కడ దూకుతుంది. హెడ్ వెనక నుంచి చిటచిటలు నాకు వినిపించాయి. తర్వాత వాసన. తర్వాత ఫ్యూజు.

విప్పి చూస్తే ట్యూబ్ సాకెట్‌లో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకి నల్లటి గీత, పెన్సిల్‌తో గీసినట్టు, కాలిన మచ్చ. ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ పోయింది. కొత్తది దొరికేదాకా వాడు అరువు యాంప్ మీద వాయించాడు. మనిషి కూడా కొన్నాళ్లు డల్ అయిపోయాడు. ఎవరూ వాణ్ణి ఏమీ అనలేదు, అనాల్సిన అవసరం లేకపోయింది.

అందుకే చెబుతున్నాను, సౌండ్ ఆగిపోయిన క్షణంలో నీ చెయ్యి వాల్యూమ్ మీదికి కాదు, స్టాండ్‌బై స్విచ్ మీదికి పోవాలి. తీగల మీద నుంచి చెయ్యి తీసెయ్యి. మిగతా వెతుకులాట అంతా ఆ తర్వాతే. దీన్ని ప్రాక్టీస్ చెయ్యి, నేను నవ్వులాటకి అనడం లేదు.

అందుకే నీ స్పీకర్లు 16 ఓమ్స్‌వే కొనమంటున్నాను. మీ అమ్మ పంపిన ఫోటోలో లేబుళ్లు చూశాను, ఇప్పుడున్నవి రెండూ 16, పారలల్‌లో, అంటే దేని దారి దానిదిగా, ఉన్నాయి, మొత్తం 8. నీ హెడ్‌కి 8 ఓమ్స్ స్పీకర్ జాక్ ఉంది. పారలల్‌లో ఒక క్లిప్పు ఊడినా రెండోది లోడ్‌గా నిలబడుతుంది. 8 జాక్ మీద 16 అంటే మంచిదేమీ కాదు, కానీ యాంప్ బతుకుతుంది, సౌండ్‌లో తేడా వినిపించి నువ్వే ఆపేస్తావు. 8వి తెచ్చావనుకో, పారలల్‌లో 4 అవుతాయి, సిరీస్‌లో 16 అవుతాయి. నువ్వు ఏ అర్ధరాత్రో కూర్చుని సిరీస్‌లో కలిపేస్తావు. 16 స్టాకు లేదు, 8 తీసుకోండి, ఏమీ కాదు అని అమ్మేవాళ్లు అంటారు. ఆగు. వచ్చేదాకా ఆగు. పెట్టె మీద అంకె కాదు, స్పీకర్ వెనక మ్యాగ్నెట్ మీద అంకె చూసి డబ్బివ్వు.

రెండూ ఒకేసారి కొనొద్దని కూడా నా సలహా. ఒకటి మార్చి, ఒక పాతది ఉంచి, కొన్నాళ్లు వాయించు. ఓమ్స్ ఒకటే కాబట్టి పవర్ చెరిసగం పోతుంది. రెండు రకాలు కలిసిన క్యాబినెట్లు నాకు ఎక్కువ నచ్చాయి కూడా, ఒకటి ముందుకి తోస్తుంది, ఒకటి కింద నింపుతుంది. రెండు షరతులు. డీబీల తేడా మూడు దాటితే గట్టిది రెండోదాన్ని మింగేస్తుంది. మొత్తం వాట్లు లెక్కేసేటప్పుడు రెండూ కూడకు, తక్కువదాన్ని రెట్టింపు చెయ్యి. 60 వాట్ల వింటేజ్ 30 పక్కన 25 వాట్ల గ్రీన్‌బ్యాక్ పెడితే అది 85 కాదు, 50. కొత్త స్పీకర్ మొదట్లో బిర్రుగా ఉంటుంది, కోన్ అంచులు సాగాక మెత్తబడుతుంది. మొదటి రోజే విని తీర్పు చెప్పేయకు.

బిగించడం తేలికే. క్యాబినెట్‌ని బోర్లా పడుకోబెట్టు, స్పీకర్ ఊడి కాళ్లమీద పడదు. మ్యాగ్నెట్ లోతు వెనక చెక్కకి తగలకుండా ఉందో లేదో కొనేముందే టేపుతో కొలువు. వైర్లు ఎక్కడివక్కడ ఫోటో తీసుకో. సోల్డరింగ్ తుంపరలు కోన్ మీద పడకుండా గుడ్డ కప్పు. హెడ్ జోలికి మాత్రం పోవద్దు. ప్లగ్ పీకేసినా లోపల కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజి మిగిలి ఉండొచ్చు. ఇది ఒక్కటీ నా మాట కాదు, మీ అమ్మ మాట అనుకో.

స్క్రూడ్రైవర్ దగ్గర మాత్రం నెమ్మది. స్పీకర్ వెనక నట్టు తిప్పుతుంటే మ్యాగ్నెట్ దాన్ని పక్కకి గుంజుతుంది, చేతికి తెలుస్తుంది కూడా. ఒక్కసారి జారిందంటే ఫ్రేమ్ సందులోంచి సరాసరి కోన్‌లోకి దిగుతుంది. ఎడమ అరచెయ్యి ఆ సందుకి అడ్డం పెట్టి అప్పుడు తిప్పు. నట్లు ముందు వేళ్లతోనే అన్నీ ఆనించి, తర్వాత ఎదురెదురువి కొద్దికొద్దిగా బిగించు. బలం చూపించకు. ఫ్రేమ్ వంగితే కాయిల్ లోపల రాసుకుంటుంది, కొత్త స్పీకర్ గరగరలాడుతుంది, నువ్వు కంపెనీని తిడతావు. క్లిప్పులు ప్లయర్‌తో నొక్కి, లాగి చూడు. వీలైతే సోల్డర్ పెట్టు.

అన్నీ అయ్యాక హెడ్‌కి తగిలించకముందు రెండు పరీక్షలు. స్పీకర్ కేబుల్ క్యాబినెట్‌కి పెట్టి, రెండో చివర పెడల్‌లో వాడే 9 వోల్ట్ బ్యాటరీ ఇలా తగిలించి అలా తీసెయ్యి, ప్లస్ జాక్ మొనకి, మైనస్ దాని ఒంటికి. రెండు కోన్‌లూ ఒకేసారి బయటికి పొంగాలి. ఒకటి లోపలికి పోయిందంటే దాని వైర్లు తిరగబడ్డాయి, అలాగే వాయిస్తే బేస్ అంతా మాయమవుతుంది. కేబుల్ అంటే స్పీకర్ కేబులే సుమా. గిటార్ కేబుల్ సన్నం, దాంతో హెడ్‌ని క్యాబినెట్‌కి కలపకు.

తర్వాత అదే జాక్ మీద మల్టీమీటర్ పెట్టు. 8 ఓమ్స్ క్యాబినెట్ మీటర్ మీద 6, 7 మధ్య చూపిస్తుంది, తప్పు కాదు, మీటర్ కొలిచేది డీసీలో, లేబుల్ మీద అంకె ఏసీకి. 12, 13 చూపిస్తే ఒక స్పీకర్ కలవలేదు. 25 చూపిస్తే సిరీస్‌లో కలిపావు, నేనింత చెప్పాక కూడా. ఏమీ చూపించకపోతే స్విచ్ ముట్టుకోవద్దు. మీటర్ అంకె ఎంతైనా సరే, ఫోటో తీసి నాకు పంపి, నేను సరేనన్నాక హెడ్ ఆన్ చెయ్యి. ఏ టైమైనా ఫరవాలేదు, ఫోన్ దగ్గరే పెట్టుకుంటాను.

నీ
మావయ్య