తండ్రీకొడుకుల మధ్య మీరెందుకమ్మా?

ఉత్తరం: మాది పర్లాకిమిడి. అబ్బాయి బరంపురంలో హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతున్నాడు. నాలుగు నెలలుగా పదకొండింటి దాకా పడుకునే ఉంటున్నాడు. రెండు పేపర్లు ఉండిపోయాయి. హాజరు తగ్గింది. బద్ధకమో, జబ్బో తెలీదు. వాళ్ల నాన్నకు ఇంకా చెప్పలేదు. యూనివర్సిటీ వాళ్లను ఏమడగాలి? ఇంటికి తెచ్చేసుకోమంటారా?

జవాబు: తేవద్దమ్మా. ఇంటికొచ్చినా పడకే, పైగా ఉన్న హాజరు కూడా పోతుంది.

మీరు అడగని సంగతి చెబుతాను. ఫీజు, మార్కులు, ఆరోగ్యం, అన్నీ ఆ తండ్రీకొడుకుల మధ్య మీ నోటి మీదుగానే నడుస్తున్నాయి. "నాన్నకు తెలిస్తే ఇంకేమన్నా ఉందా" అని మీరు అన్న ప్రతిసారీ అబ్బాయికి తన చదువు దాచుకోవాల్సిన తప్పులా కనిపిస్తుంది. ఇంట్లో దాచడం అలవాటైన పిల్లాడు మాస్టారి గది గుమ్మం కూడా ఎక్కలేడు. కొడుకు కష్టం తెలుసుకునే హక్కు ఆయనకుంది, దాన్ని మీరు లాక్కున్నారు. ఈ ఆదివారమే చెప్పండి, ఇన్నాళ్లూ దాచింది మీరేనని ముందు ఒప్పుకోండి. ఆయన కోప్పడితే పడండి. ఆ తర్వాత వారానికోసారి ఆయనే ఫోన్ చేయాలి. తిండి, నిద్ర గురించి అడగాలి, మార్కుల మాట వద్దు.

బద్ధకమని తేల్చేముందు రక్తపరీక్ష చేయించండి: హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), విటమిన్ బీ12. ఈ వయసు మగపిల్లలకు హిమోగ్లోబిన్ 13 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనతే. దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, తిండి గాడి తప్పడం రెండు వారాలు దాటితే బరంపురంలోనే ఉన్న ఎంకేసీజీ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. చావు మాట ఎత్తితే మాత్రం ఆ రోజే తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు రాత్రయినా చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇక యూనివర్సిటీ. 100 మంది గానీ అంతకు మించి గానీ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాబట్టి మొహమాటం అక్కర్లేదు. అబ్బాయే శాఖాధిపతిని కలవాలి, తండ్రి తోడు వెళ్లొచ్చు. వారానికోసారి పావుగంట కూర్చోబెట్టుకుని మాట్లాడే ఒక అధ్యాపకుణ్ణి కేటాయించమని అడగండి. ఉండిపోయిన పేపర్లలో ఏది ముందు రాయాలో ఆయనతోనే తేల్చుకోవాలి. హాజరు తగ్గినదానికి డాక్టరు కాగితం ఎంతవరకు పనికొస్తుందో పరీక్ష ఫీజు కట్టే గడువుకు ముందే కనుక్కోవాలి. చాలామంది గడువు దాటాకే పరుగెత్తుతారు. వార్డెన్ తిట్టి పంపితే కౌన్సెలింగ్ శిక్షలా ఉంటుంది, రెండోసారి వెళ్లరు. స్నేహితుడు వెంట వెళ్తే వెళ్తారు.

తెల్లవారుజామున 5 గంటల టైంటేబుల్ మాత్రం వేయకండి. మూడో రోజు తప్పుతుంది, ఆ సిగ్గుతో మళ్లీ ముసుగు తన్నేస్తాడు. మొదటి వారం రోజుకొక్క క్లాసు, 25 నిమిషాల చదువు, అదీ ఒక్క పేపరే. మనసు పుట్టాక మొదలెడదామనుకుంటే మొదలవదు, కాస్త పని జరిగాకే మనసు పుడుతుంది. రెండో పేపరు సంగతి నెల తర్వాత చూసుకోవచ్చు.