సంఘం రెండు గ్రూపులైతే ఏం చేయాలి? మా గాజువాకలో జరిగింది చెప్తాను

వందనాలండి. మీ సంఘంలో రెండు గ్రూపులు అయిపోయాయి, వచ్చే నెల కమిటీ ఎన్నిక అవ్వగానే ఒక గ్రూపు వేరే చోట ఆరాధన పెట్టుకుంటామంటోంది, ఎలా ఆపాలి అని అడిగారు కదా. నేను పాస్టర్ని కాదు, గాజువాక వైపు ఒక ఇండిపెండెంట్ సంఘంలో మామూలు విశ్వాసిని, కాకపోతే ఇలాంటి గొడవ దగ్గర్నుంచి చూశాను.

గొడవ వచ్చినప్పుడు అందరూ వాక్యం గురించే అంటారు, మా దగ్గరా అలాగే అన్నారు. స్టీల్ ప్లాంట్ పనుల కోసం అన్ని జిల్లాల నుంచీ వచ్చి పడినవాళ్ళం కదా, గుంటూరు నుంచి వచ్చినవాళ్ళు లూథరన్, కాకినాడ శ్రీకాకుళం వైపు వాళ్ళు బాప్టిస్టులు, కొందరు సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా వాళ్ళు, కొందరు పెంతెకొస్తు. ఒకరికి చంటిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వడం మామూలు, ఇంకొకరికి నీళ్ళలో ముంచితేగానీ అది బాప్తిస్మమే కాదు, పెద్దాళ్ళకి పాత కీర్తనలు కావాలి, యూత్‌కి డ్రమ్స్ కావాలి. ఇన్ని తేడాలున్నా ఏళ్ళ తరబడి కలిసే ఉన్నాం. తెగింది ఎక్కడో తెలుసా, క్రిస్మస్ చీరల దగ్గర!

ప్రతి క్రిస్మస్‌కి విధవరాళ్ళకి చీర, బియ్యం ఇస్తాం. ఆ లిస్టు మొదట్నుంచీ పాత కుటుంబాల వాళ్ళే రాసేవారు. తర్వాత వచ్చినవాళ్ళకి మా వాళ్ళ పేర్లే మిస్ అవుతున్నాయని బాధ. ఆ మాట కమిటీలో ఒక్కరూ అడగలేదండి, కాటేజ్ మీటింగ్ (ఇళ్ళల్లో పెట్టుకునే ప్రార్థన) అయ్యాక చెప్పులేసుకునే దగ్గర, ఆటోలో, వాట్సాప్‌లో మాత్రం తెగ నడిచింది. ఆఖరికి ప్రార్థనల్లోకి వచ్చేసింది, "ప్రభువా, ఈ సంఘంలో పక్షపాతం చూపించేవాళ్ళ మనసు మార్చు" అని ఒకాయన గట్టిగా, దానికి జవాబుగా ఇంకోవైపు నుంచి "సణిగేవాళ్ళని క్షమించు ప్రభువా" అని ఇంకొకావిడ. కళ్ళు మూసుకుని కొట్టుకోవడం అంటే అదే, దేవుడికి చెప్తున్నట్టు ఉంటుంది, తగిలేది మాత్రం పక్క చాప మీద కూర్చున్నవాళ్ళకి.

మా సంఘపెద్ద ఒకాయన, రిటైర్డ్ టీచరు, కమిటీలో బైబిల్లోని అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం తీశారు. అక్కడ యెరూషలేములోని మొదటి సంఘంలోనూ ఇదే గొడవ కదా, రోజూ పంచిపెట్టే దాంట్లో మా విధవరాళ్ళని చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడేవాళ్ళు హెబ్రీయుల మీద సణిగారు. అపొస్తలులు నోరు మూసుకోమనలేదు, ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు, అన్నీ గ్రీకు పేర్లే చూడండి అన్నారాయన. అంటే బాధ పడినవాళ్ళ వైపు మనుషులకే పని అప్పజెప్పినట్టుంది. నేను ఆ భాగం ఎన్నిసార్లు చదివినా ఇది పట్టుకోలేదు.

మేమూ అదే చేశాం, లిస్టు బాధ్యత కంప్లైంట్ చేసినవాళ్ళలోని ఇద్దరు సిస్టర్స్‌కి ఇచ్చి, కానుకల లెక్క ప్రతి నెలా ఆరాధన అయ్యాక చదవడం మొదలుపెట్టాం. డబ్బు ఎంత వస్తుందో, అడిగేవాళ్ళు ఎంతమందో చేతిలో పడ్డాక వాళ్ళే కొన్ని పేర్లు తీసేయాల్సి వచ్చింది, వాళ్ళ వైపు పేర్లు కూడా. సణుగుడు పూర్తిగా పోయిందని చెప్పను, ఒక కుటుంబం మల్కాపురం వైపు వేరే సంఘానికి వెళ్ళిపోయింది కూడా. పెళ్ళిళ్ళకి మాత్రం వస్తారు, మేమూ వెళ్తాం, సాగనంపేటప్పుడు ఎవరూ నోరు జారలేదు కాబట్టి.

ఇంకోటి, తొందరపడొద్దు. సీఎస్ఐ ఎలా కలిసిందో చూడండి, 1919లో తమిళనాడు వైపు తరంగంబాడిలో మాటలు మొదలైతే ఆంగ్లికన్లు, మెథడిస్టులు, సౌత్ ఇండియా యునైటెడ్ చర్చ్ వాళ్ళు ఒకటయ్యేసరికి 1947 సెప్టెంబర్ 27 వచ్చింది. దానికోసం అంత కష్టపడిన దోర్నకల్ బిషప్ అజరయ్య గారు 1945లోనే చనిపోయారు, చూడనేలేదు. అంతా చేస్తే బాప్టిస్టులు, లూథరన్లు చాలామంది బయటే ఉండిపోయారు. మీకేమో నెలలో తేలిపోవాలంటున్నారు.

అందుకే మీరైతే ముందు ఆ ఎన్నిక కొన్ని నెలలు వాయిదా వేయమని పాస్టర్ గారినీ పెద్దలనీ అడగండి, గొడవ వేడిలో ఓట్లు పెడితే ఓడినవాళ్ళు ఆ సాయంత్రమే హాలు వెతుక్కుంటారు. బైలాస్‌లో గడువు ఏమైనా ఉందేమో చూసుకోండి. ఈలోపు విడిపోతామంటున్న వాళ్ళలో మీకు బాగా చనువున్న ఒకరి ఇంటికి వెళ్ళండి, మత్తయి 18లో చెప్పినట్టు ఒక్కరే వెళ్ళండి, నలుగురిని వెంటేసుకుని వెళ్తే అది పంచాయితీ అయిపోతుంది. అసలు ఎక్కడ నొచ్చుకున్నారో అడిగి వినండి, కమిటీ తరఫున వాదించకండి. లెక్కల విషయమైతే పుస్తకం చూపించమని మీరే కమిటీలో అడగండి, పాటలో, మైకులో, సండే స్కూలు బాధ్యతలో అయితే ఆ పని వాళ్ళ చేతికి ఇవ్వడానికి పెద్దలు ఒప్పుకుంటారేమో కనుక్కోండి. ఆ వాట్సాప్ గ్రూప్ అడ్మిన్‌కి కూడా ఒక మాట చెప్పి, ఎన్నిక అయ్యేదాకా ఆరాధన టైమింగ్స్, మరణవార్తలు తప్ప ఇంకేం పెట్టొద్దనండి.