స్టాంపు కాగితంతో విడాకులు రావమ్మా

ప్రశ్న: మాది కావలి. సింగరాయకొండలో పెళ్లయింది. మూడేళ్లుగా పుట్టింట్లోనే ఉంటున్నాను, ఐదేళ్ల బాబు ఉన్నాడు. పోయినేడు పెద్దమనుషుల ముందు వంద రూపాయల స్టాంపు కాగితం మీద విడిపోయినట్టు రాసుకున్నాం. ఇప్పుడు ఆయన మ్యూచువల్‌కి వెళ్దామంటున్నారు. మా అన్న మాత్రం కేసు వేయాల్సిందే అంటున్నాడు. రెండింటికీ తేడా ఏమిటి?
- ఒక సోదరి

జవాబు: ముందు ఆ కాగితం సంగతి. దాంతో విడాకులు రావమ్మా. కుల ఆచారం ప్రకారం విడిపోయామంటే, ఆ ఆచారం ఉందని కోర్టులో రుజువు చేసుకోవాలి, అదంత తేలిక కాదు. అలాంటి కాగితాన్ని నమ్మి మళ్లీ పెళ్లి చేసుకుని చిక్కుల్లో పడ్డవాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు.

మ్యూచువల్ అంటే పరస్పర అంగీకారంతో విడాకులు, హిందూ వివాహ చట్టం 13బి కింద ఇద్దరూ కలిసి వేసే ఒకే పిటిషన్. ఏడాదిగా విడిగా ఉంటే చాలు, తప్పెవరిదో తేల్చక్కర్లేదు. మామూలుగా ఆర్నెల్ల తర్వాత మళ్లీ వెళ్లి ఇద్దరూ ఒప్పుకోవాలి. మీలా చాలాకాలంగా విడిగా ఉండి, లెక్కలన్నీ తేలిపోయినవాళ్లకు ఆ గడువు తీసేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అది జడ్జిగారి ఇష్టం.

మీ అన్న చెప్పే దారిలో మీరొక్కరే వేస్తారు. క్రూరత్వమో, రెండేళ్లు వదిలేసి పోవడమో సాక్షులతో రుజువు చేయాలి. 'ఆవిడే వెళ్లిపోయింది' అని ఆయన కౌంటర్, అంటే కోర్టులో జవాబు, వేస్తారు. ఇక వాయిదాలే వాయిదాలు. కొట్టడం, కట్నం వేధింపులు ఉంటే నేనూ ఆ దారే చెబుతాను. మీ ఉత్తరంలో అవేవీ లేవు, మీ అన్న కోపం తప్ప.

మ్యూచువల్‌కే వెళ్లండి, కానీ తొందరపడి సంతకం పెట్టొద్దు. ఒకావిడ ఒప్పందంలో 'సామాన్లన్నీ ముట్టినవి' అని ఒక్క ముక్క రాయించారు. తర్వాత చూస్తే నాలుగు సవర్ల గొలుసు, గోద్రెజ్ బీరువా అత్తగారింట్లోనే ఉన్నాయి. ఆ బీరువా కోసం ఎన్ని ఫోన్లు చేశామో! అందుకే ఏ వస్తువు, ఎన్ని సవర్లు, ఎవరి దగ్గరుందో వరసగా రాయించండి. బాబు ఎవరి దగ్గర ఉంటాడు, వాళ్ల నాన్న ఎప్పుడు చూడొచ్చు, ఫీజులెవరు కట్టాలి అన్నవి కూడా. 'నాకేమీ వద్దు' అని మీరు రాసినా బాబు పోషణ హక్కు పోదు. మీకిస్తామని ఒప్పుకున్న డబ్బు ఉంటే కోర్టులో చివరి వాయిదా రోజున, జడ్జిగారి ముందే డీడీగా తీసుకోండి. డిక్రీ, అంటే కోర్టు విడాకుల తీర్పు, వచ్చేలోపు ఎవరైనా మనసు మార్చుకోవచ్చు, ఆయనా, మీరూ.

ఒకవేళ కేసే వేయాల్సి వస్తే, మీరు కావలిలో ఉంటున్నారు కాబట్టి మన జిల్లాలోనే వేయొచ్చు. కేసు నడుస్తుండగా రాజీకి వస్తే దాన్నే మ్యూచువల్‌గా మార్చుకోవచ్చు కూడా. ఫీజు గురించి టెన్షన్ పడొద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. వెళ్లేటప్పుడు పెళ్లి కార్డు, ఫోటోలు, ఆధార్, బాబు బర్త్ సర్టిఫికెట్ పట్టుకెళ్లండి. ఆ స్టాంపు కాగితాన్నీ చించేయకండి, ఎప్పటినుంచి విడిగా ఉంటున్నారో చెప్పడానికి పనికొస్తుంది.