మొక్కల మాంసం మోజు తగ్గితే మా అమ్మాయి గతేమిటి?

ప్రశ్న: మా అమ్మాయి ఫుడ్ టెక్నాలజీలో బీటెక్ చివరి సంవత్సరం చదువుతోంది. పప్పుధాన్యాల ప్రొటీన్లను మెరుగుపరిచే పరిశోధన వైపు వెళ్తానంటోంది. ఈ రంగానికి భవిష్యత్తు ఉందా? ఇక్కడ ఎంటెక్ మేలా, విదేశంలో ఎంఎస్ మేలా? పక్కింటి అబ్బాయి సాఫ్ట్‌వేర్‌లో చేరి అప్పుడే మంచి జీతం తెచ్చుకుంటున్నాడు. - ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: మీరు అడిగినవి ఎన్ని ఉన్నా, వాటి అడుగున ఉన్న భయం ఒక్కటే: పప్పు, సోయా ప్రొటీన్లతో మాంసంలా తయారుచేసే ‘మొక్కల మాంసం’ మీది ఈ మోజు తీరిపోతే అమ్మాయి ఎటూ కాకుండా పోతుందేమోనని. ఆ భయం నిరాధారమేమీ కాదు. అమెరికాలో అలాంటి మాంసం తయారుచేసే బియాండ్ మీట్ కంపెనీ షేర్లను 2019లో 25 డాలర్ల చొప్పున అమ్మారు. మూడు నెలలు తిరగకముందే ధర 200 డాలర్లు దాటింది, కొన్నేళ్లకే 10 డాలర్ల కిందికి జారింది. మొక్కల మాంసం ఒక్కదాన్నే నమ్ముకున్న చిన్న కంపెనీలన్నా, ఆ పేరుతో ఊరించే స్వల్పకాలిక కోర్సులన్నా నాకూ అనుమానమే. మీల్ మేకర్ కూర ఎప్పటినుంచో వండుకుంటున్న ఇళ్లలో, అదే కోవకు చెందిన సరుకును అంతకంటే ఎన్నో రెట్ల ధరకు కొనమంటే ఎందుకు కొంటారు?

అయితే మీ అమ్మాయి కోరుకుంటున్నది ఆ వ్యాపారాన్ని కాదు, దాని వెనుక ఉన్న శాస్త్రాన్ని. ప్రొటీన్లు అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కలతో కట్టినవి. వాటిలో లైసిన్ పప్పులో పుష్కలం, మిథియోనిన్ కొరత. బియ్యంలో లైసినే కొరత. పప్పన్నం ఆ లోటును దానంతటదే పూడుస్తుంది కానీ, విడదీసిన ప్రొటీన్ పొడికి ఆ లెక్క ఎవరో ఒకరు వేయాలి. సోయాలో జీర్ణానికి అడ్డుపడే ట్రిప్సిన్ నిరోధకాలు ఉంటాయి. వేడి చాలకపోతే అవి మిగిలిపోతాయి, ఎక్కువైతే లైసిన్ దెబ్బతింటుంది, ప్రొటీన్ నీటిలో కరిగే గుణమూ తగ్గుతుంది. పోషణకు మేలు చేసే పని పదార్థం పనితనాన్ని చెడగొట్టవచ్చు; ఆ రెంటినీ కుదర్చడమే ఈ విద్య. మినప్పిండి ఇడ్లీలో గాలిని ఎలా పట్టి ఉంచుతుందో తెలుసుకుని, పచ్చివాసన లేకుండా మరో పప్పు చేత ఆ పని చేయించగలిగినవారు పసిపిల్లల ఆహారానికీ, బిస్కెట్లకూ, రోగులకిచ్చే పొడులకూ కావలసినవారే. మైసూరులో 1950లో మొదలైన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ), తొలి దశాబ్దాల్లోనే వేరుశనగ చెక్క పిండితో శనగపిండి కలిపి చవకైన పోషకాహారం తయారుచేసింది. ఇది నిన్న మొన్న పుట్టిన మోజు కాదు.

ఒక మాట కటువుగానే చెప్పాలి. మీ ఉత్తరంలో పక్కింటి అబ్బాయి జీతం సంగతి ఉంది, మీ అమ్మాయి చేస్తున్న ప్రాజెక్టు ఏమిటో లేదు. ఇన్నేళ్లు ఫీజు కట్టిన మీరు ఆ సంగతి ఒక్కసారైనా అడిగారా? మొదటి జీతం సాఫ్ట్‌వేర్ కంటే తక్కువే ఉండవచ్చు, దాన్ని దాచను. కానీ ఇష్టం లేని ఉద్యోగంలోకి తోసినంత మాత్రాన మీ భయం తీరదు.

ప్రవేశ పరీక్షల సంగతి ఆమెకే బాగా తెలుసు. అప్పు చేయాల్సి వస్తే మాత్రం విదేశం మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. హర్యానాలోని కుండ్లి, తమిళనాడులోని తంజావూరుల్లో ఉన్న నిఫ్టెమ్‌లలో, అంటే ఆహార సాంకేతిక విద్య నేర్పే జాతీయ సంస్థల్లో, ఎంటెక్ ఉంది. ఎక్కడ చేరినా గైడ్ ఏ ప్రొటీన్ మీద పనిచేస్తున్నారో, ఎక్స్‌ట్రూడర్ (పిండిని వేడితో, ఒత్తిడితో అచ్చులోంచి తోసేది), స్ప్రే డ్రయ్యర్ (ద్రవాన్ని తుంపరగా చల్లి పొడిగా ఆరబెట్టేది) లాంటి యంత్రాలను విద్యార్థుల చేతికి ఇస్తారో లేదో ముందే కనుక్కోమనండి. ఈలోగా ఆమె ప్రాజెక్టు గురించి మీరే అడగండి. ప్రయోగం ఎక్కడ చెడిందో, మళ్లీ ఎలా చేయబోతోందో ఆమె ఉత్సాహంగా చెప్పుకుపోతే, ఇక సాఫ్ట్‌వేర్ మాట ఎత్తకండి.